నిలిచిపోయిన యంత్రము

యంత్రము చెడినప్పుడు మనుష్యుని నోట వెలువడు మొదటి ప్రశ్న సాధారణముగా "ఎవరు ముట్టుకొనిరి?" అనునదియే. "ఏమి జరిగినది?" అను ప్రశ్న దాని వెనుక, తఱచుగా చాల యాలస్యముగా వచ్చును. మొదటి ప్రశ్నకు ఉత్తరము సులభముగా దొరకును. ఏలయన నింద మోపుటకు దగ్గఱ నెవరో యొకరుందురు. రెండవ ప్రశ్నకు ఓర్పు కావలెను, ఒక నోటుపుస్తకము కావలెను, కొన్ని రాత్రుల కాలమును కావలెను. ఈ రెండు ప్రశ్నలకు గల భేదమును నకరికల్లు గ్రామమునందు మా యింటి ముందుగదిలోనున్న యొక కంప్యూటరు మాకు చక్కగా బోధించినది. ఆ వృత్తాంతము విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును కొంత యుపయోగపడునను నమ్మకముతో నిచ్చట వ్రాయుచున్నాము.

మేము ఉపాధ్యాయవృత్తినుండి విరమించుకొని గ్రామమున స్థిరపడి కొన్నియేండ్లయినది. మా యింట 2018వ సంవత్సరమున విడిభాగములు కొని కూర్పించిన డెస్కుటాపు కంప్యూటరొకటి కలదు. సాయంకాలము ఆఱు గంటలు మొదలు మా వీథిలోని పిల్లలాఱుగురు వంతుల చొప్పున దానియొద్ద కూర్చుందురు. వారి తల్లిదండ్రులు మిరపతోటలకును ప్రత్తిచేలకును కూలికి పోవువారును, చిన్నకారు రైతులును. ఇంటింట సెల్‌ఫోను కలదు గాని, పెద్ద తెఱయు సరియైన కీబోర్డును గల యంత్రము ఆ యాఱుగురిలో నెవ్వరి యింటను లేదు. ఒకరు తెలుగున టైపు చేయుట నేర్చుకొందురు. ఒకరు లెక్కలు చేయుదురు. ఒకరు పదవతరగతి పాఠములు చూతురు. కనుక ఆ యంత్రము మూలబడినచో మాకు గలుగు నష్టము స్వల్పమే. ఆ పిల్లలకు గలుగు నష్టము మాత్రము స్వల్పము కాదు.

ఆ యంత్రమును మొదటినుండియు నడపుచుండినది విండోస్ 10 అను ఆపరేటింగు సిస్టము. ఆపరేటింగు సిస్టమనగా యంత్రభాగములకును, మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నుండి, ఎవరికెంత పనియో, ఎవరికెంత చోటో పంచిపెట్టు ఇంటిపెద్ద వంటిది. 2015 జూలై 29న వెలువడిన విండోస్ 10కు సామాన్యముగా భద్రతా సవరణలు పంపు గడువు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఆ పిమ్మట ఒక సంవత్సరము సవరణలు పొందుటకు ప్రత్యేకమైన యేర్పాటొకటి ప్రకటింపబడినను, అదియు గడువు గలదియే. దాని తరువాతిదియగు విండోస్ 11, 2021వ సంవత్సరమున వెలువడినప్పుడు కొన్ని నియమములతో వెలువడినది: యంత్రమునందు టీపీయం 2.0 అను రక్షణభాగముండవలెను. ప్రాసెసరు అంగీకృతమైన జాబితాలోనిదై యుండవలెను. మా యంత్రపు ప్రాసెసరు 2017వ సంవత్సరపు తరగతికి చెందినది; ఆ జాబితాలో లేదు. అయినను యంత్రము చక్కగా పనిచేయుచునే యుండెను. పనిచేయు వస్తువును పారవైచి క్రొత్తది కొను స్తోమతు మాకు లేదు, ఉన్నను మనసొప్పదు. కావున లినక్సు వైపు చూచితిమి.

లినక్సు పుట్టుక విద్యార్థులు తెలిసికొనదగినది. 1991వ సంవత్సరమున ఫిన్లండు దేశమునందలి హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్సు అను ఇరువదియొక్కయేండ్ల యువకుడు తన సొంత కంప్యూటరుకొఱకు దాని మూలభాగమగు కెర్నెలును వ్రాయ నారంభించి, దానిని దాచుకొనక లోకమున కిచ్చెను. అది మొదలు వేలకొలది జనులు దానిని దిద్దుచు, పెంచుచు వచ్చిరి. మన చేతులలోని ఆండ్రాయిడు సెల్‌ఫోనులను నడపుచున్నదియు ఆ కెర్నెలే. దానిపై కూర్పబడిన సిస్టములలో లినక్సు మింటు ఒకటి; 2006వ సంవత్సరమున మొదట వెలువడినది; దానికి రుసుము లేదు. 2025 నవంబరు మొదటివారమున పిల్లల పత్రములన్నియు వేఱొక డిస్కునకు నకలు చేసి భద్రపఱచి, యంత్రమునకు మింటును ఎక్కించితిమి. రెండు దినములు సుఖముగా నడచెను. మూడవనాటి సాయంకాలమున నిలిచిపోయెను.

నిలిచిపోవుట యనగా, మనవారు "హ్యాంగయింది" అనియు "స్ట్రక్కయింది" అనియు చెప్పునది. ఇందు మూడు విధములు కలవు. ఒక ప్రోగ్రాము మాత్రమే యాగి, మౌసు బాణము కదలుచుండుట మొదటిది. తెఱ యాగిపోయినను లోపల యంత్రము పనిచేయుచుండుట రెండవది. సమస్తమును ఆగిపోవుట మూడవది. వీనిని వేఱుచేసి గుర్తించుటకు కీబోర్డుమీది నమ్‌లాకు మీటను నొక్కి చూడవలెను. చిన్నదీపము వెలుగుచు ఆఱుచున్నచో కెర్నెలు ఇంకను ప్రాణముతో నున్నదని తలంపవచ్చును. లేనిచో వ్యాధి లోతైనది. లినక్సునందు మఱియొక పరీక్షయు కలదు. ఆల్టు, ప్రింటుస్క్రీను మీటలను నొక్కిపట్టి ఎస్, యు, బి అను మూడక్షరములను కొంత యెడమిచ్చి వరుసగా నొక్కవలెను. మొదటిది వ్రాయవలసియున్న దానిని డిస్కుమీద వ్రాయించును; రెండవది డిస్కుపై మఱి వ్రాత జరుగకుండ మూయును; మూడవది యంత్రమును మరల ప్రారంభించును. మా యంత్రమునందు దీపము మాఱలేదు. ఆ మూడక్షరములకును అది పలుకలేదు. తెఱమీది గడియారము ఏడు గంటల పండ్రెండు నిమిషములయొద్ద ఆగియుండెను. స్విచ్చి కట్టివేయుట దక్క వేఱు మార్గము లేకపోయెను.

ఆ సమయమున యంత్రముముందు కూర్చుండియుండినవాడు ఏడవతరగతి చదువు పిల్లవాడొకడు. మాట తక్కువ, చదువుట నెమ్మది, ఇతరులు ఐదు నిమిషములలో చూచి ముగించు పుటను వాడు పావుగంట చూచును. తరువాతి నాలుగు దినములలో యంత్రము మఱి రెండుమాఱులు పిల్లల యెదుట ఆగెను. రెండుమాఱులును వాని వంతే. ఇక తక్కిన పిల్లలకు వేఱు విచారణ యక్కఱలేకపోయెను. "వాడు కూచుంటే చాలు మాస్టారూ, ఆగిపోతుంది. వాడేదో నొక్కేస్తున్నాడు!" అని ముక్తకంఠముగా పలికిరి. మఱునాటి యుదయమున వాని తల్లి మా గడపయొద్దకు వచ్చి నిలుచుండెను. లోనికి రమ్మన్నను రాలేదు.

"మావాడి చెయ్యి మంచిది కాదు మాస్టారూ. రేపు మీ మిషను పూర్తిగా పాడైతే కట్టుకునే తాహతు మాకు లేదు. వాణ్ణి ఇక పంపను" అనెను.

"వాడే చేశాడని మాకు తెలియదమ్మా. చెయ్యలేదనీ తెలియదు. తెలిసేదాకా వాణ్ణి మానిపించకు. పాడైతే ఆ ఖర్చు మాది" అంటిమి.

ఆమె యేమియు బదులు చెప్పక పోయెను. రెండు దినములు పిల్లవాడు రాలేదు. మూడవనాడు వచ్చెను గాని, మేజకు దూరముగా చాపమీద కూర్చుండి, తన వంతు వచ్చినప్పుడు "నాకొద్దులెండి" అనెను. అప్పటినుండి మాకు పనులు రెండైనవి: యంత్రమును బాగుచేయుట యొకటి, వానిపై పడిన మాట నిజమో, కాదో తేల్చుట రెండవది. రెండవది మొదటిదానికంటె తొందరయైనదిగా తోచినది.

ఒక నోటుపుస్తకము తెచ్చి గడులు గీయించితిమి. తేదీ, గంట, యంత్రముముందున్నవారు, తెఱచియుండిన ప్రోగ్రాము, ఆగిన క్షణమున వారు చేయుచుండిన పని, నాటికి మేము చేసిన మార్పు, ఈ విధముగా ఆఱు గడులు. పిల్లలందఱిలోను గుండ్రని దస్తూరి వానిదే కనుక పుస్తకమును వానికే యప్పగించితిమి. దానితో వాడు మేజయొద్దకు మరల వచ్చెను. ఇంకొక నియమమును అందఱి యెదుట చెప్పితిమి: ఒక సమయమున ఒక్క మార్పు మాత్రమే చేయవలెను, దాని ఫలితము తేలిన తరువాతనే రెండవది. ఒకేదినమున నాలుగు మందులు మ్రింగిన రోగి స్వస్థుడైనను, ఏ మందు పనిచేసినదో వైద్యుడు చెప్పలేడుగదా!

మొదటి యనుమానము వేడిమి. పలనాటివారికి ఈ యనుమానము సహజము. రెంటచింతల యెండలను గుఱించి వినని తెలుగువారు అరుదు. కాని మేము చెప్పుచున్నది నవంబరు మాసము. పైగా ప్రాసెసరు వేడిని అంకెలలో చూపు సాధనము లినక్సునందు కలదు. దానిని చూడగా ఏబది డిగ్రీలకు లోపలనే యుండెను. ఇట్టి ప్రాసెసర్లు సామాన్యముగా 95 డిగ్రీల ప్రాంతమువఱకు ఓర్చుకొనును. తెల్లవాఱుజామున చలిలోను యంత్రమొకమాఱు ఆగుటచే ఈ యనుమానము తీరినది.

రెండవది దుమ్ము. ప్రత్తి తీయు దినములలో మా గ్రామమున గాలిలోనే నూగు తేలుచుండును. విద్యుత్తు తీగను ఊడబెఱికి, పెట్టె మూత తెఱచి చూడగా ఫ్యాను రెక్కలమీదను, దాని క్రింది లోహపు పలకల నడుమను చిన్న పరుపు కుట్టుటకు సరిపోవునంత నూగు దొరకినది. మెత్తని కుంచెతో తుడిచితిమి. యంత్రము చప్పుడు తగ్గినది. ఆగుట మాత్రము తగ్గలేదు.

మూడవది ర్యాము, అనగా యంత్రపు తాత్కాలిక జ్ఞాపకశక్తి. అందొక్క గది చెడినను యంత్రము ఎప్పుడైనను తబ్బిబ్బు పడవచ్చును. మెమ్‌టెస్టు అను పరీక్షా ప్రోగ్రామును పెన్‌డ్రైవునుండి నడపి రాత్రియంతయు విడిచితిమి. అది ప్రతి గదిలోను వ్రాయుచు, చదువుచు, సరిచూచుచు తెల్లవాఱువఱకు నడచెను, ఒక్క తప్పును చూపలేదు, ఆగనులేదు. ఆ రాత్రి యంత్రము ఆగకపోవుటయే యొక సాక్ష్యమని తరువాత తెలిసినది. నాలుగవది హార్డుడిస్కు. డిస్కులు తమ యారోగ్యమును తామే లెక్కవ్రాసికొనును. ఆ లెక్కను తెప్పించి చూడగా చెడిన భాగమొక్కటియు లేదు.

ఐదవది డ్రైవర్లు. ఆపరేటింగు సిస్టము మాఱినప్పుడు తెఱను, ధ్వనిని, వలయమును నడపు చిన్న ప్రోగ్రాములన్నియు మాఱును. తెఱను నడపు డ్రైవరు సరిపడక యంత్రములాగుట తఱచుగా వినుచుందుము. కావున ఆ డ్రైవరును మార్చి చూచితిమి, ఆగినది. కెర్నెలులో క్రొత్తదానిని ఎక్కించి చూచితిమి, ఆగినది. ఆఱవది గ్రామపు కరెంటు హెచ్చుతగ్గులు. యంత్రమును యూపీయస్ ద్వారా నడపితిమి, అప్పుడును ఆగినది. ప్రతి మార్పును, దాని ఫలితమును పిల్లవాడు పుస్తకమున వ్రాసెను.

ఈలోపల హితవచనములకు కొదువ లేదు. బంధువుల యువకుడొకడు "పాతదే ఎక్కించెయ్యండి బాబాయ్, గొడవ వదిలిపోతుంది" అనెను. పట్టణమున నొక దుకాణమువారు పెట్టె తెఱచి చూడకయే మదరుబోర్డు మార్పవలెననిరి. ఈ రెండు మార్గములందును యంత్రము బాగుపడియుండవచ్చును. కాని పాతదానిని ఎక్కించిన, గడువు తీరిన సమస్య మరల ముందుకు వచ్చును. బోర్డు మార్చిన, మా చేతిలోని సొమ్ము పోవును. అన్నిటికంటె ముఖ్యముగా, యంత్రమాగుట కారణము తెలియకయే నిలిచిపోయినచో, "ఆ పిల్లవాడు చెడగొట్టెను, వీరు బాగుచేయించుకొనిరి" అను మాట వీథిలో శాశ్వతముగా నిలిచిపోవును. అందుచే ఆ రెంటిని ఆశ్రయింపలేదు.

లినక్సు తన దినచర్యను తానే వ్రాసికొనును. దానిని లాగు అందురు. కడచిన మాఱు యంత్రము నడచినప్పటి లాగును తెప్పించి, కొనను చదివితిమి. అందు దోషమును తెలుపు వాక్యమేదియు లేదు. సామాన్యమైన పని యొకటి వ్రాసి, అచ్చటనే నిలిచియుండెను. ఏ ప్రోగ్రాము చెడినను ఏదో యొక మొఱ వ్రాయబడియుండెడిది. మొఱ పెట్టుటకును వ్యవధి లేకుండ ఆగినదనగా, దోషము ప్రోగ్రాములకంటె దిగువన, ప్రాసెసరును విద్యుత్తును కలియు చోటనున్నదని యూహింపవచ్చును. మేము పుస్తకమును ముందునుంచుకొని మొదటినుండి చదువ నారంభించితిమి.

పండ్రెండు దినములలో పదునొకండు మాఱులు యంత్రము ఆగియుండెను. అందు ఐదు పిల్లవాని వంతులో. ఈ యంకెను మాత్రమే చూచినచో వానిదే తప్పని యెవరైనను తీర్పు చెప్పుదురు. కాని మఱి యైదింట "ముందున్నవారు" అను గడిలో "ఎవరూ లేరు" అని వాడే వ్రాసియుండెను. మేము భోజనమునకు లేచినప్పుడు, తెల్లవాఱుజామున, మధ్యాహ్నమున ఇల్లంతయు నిద్రించునప్పుడు ఆగినవి అవి. మిగిలిన యొక్కటి ఒక బాలిక వంతులో. ఆమెయు తల్లి పిలువగా లేచిపోయి, తిరిగివచ్చువఱకు ఆగియుండెను. ఎవరును లేనప్పుడు ఆగినవానిని అంతవఱకు ఎవరును లెక్కింపలేదు. నిందించుటకు మనిషి లేడు గనుక. పుస్తకము మాత్రము వానిని లెక్కించినది.

ఇక "చేయుచుండిన పని" అను గడిని చూచితిమి. తక్కిన పిల్లలు టైపు ఆటలు ఆడుచు, పాటలు వినుచు, వీడియో పాఠములు చూచుచు ఉన్నంతసేపు యంత్రమొక్కమాఱును ఆగలేదు. ఈ పిల్లవాని పేరునకు ఎదుటనున్న ఐదు గడులలోను ఒకే మాట: "చదువుతున్నాను." ఒక పుట తెఱచి, చేతులు ఒడిలో నుంచుకొని, పావుగంట చదువువాడు యంత్రమునకు పనియేమి చెప్పును? వాని వంతులోను యంత్రము ఊరకనే యుండెను. ఎవరును లేనప్పుడును ఊరకనే యుండెను. మెమ్‌టెస్టు నడచిన రాత్రి మాత్రము క్షణమైనను ఊరకుండలేదు. ఆ రాత్రి ఆగలేదు. పదునొకండును ఒక్కదారమున గ్రుచ్చబడినవి: పనియున్నప్పుడు నడచును, పనిలేనప్పుడు ఆగును.

ఊహను పరీక్షింపవలెను. ఒక రాత్రి యంత్రమునకు ఎడతెగని లెక్కలు చేయు పని యప్పగించి పండుకొంటిమి. తెల్లవాఱి చూడగా గడియారము సరియైన గంట చూపుచు నడచుచుండెను. మఱునాటి రాత్రి ఏ పనియు చెప్పక విడిచితిమి. తెల్లవాఱి చూడగా తెఱమీది గడియారము రెండు గంటల పదునేడు నిమిషములయొద్ద నిలిచియుండెను.

ఇట్లేల జరుగునో కొంచెము వివరింపవలెను. ప్రాసెసరు పనిలేనప్పుడు మేలుకొనియుండదు. విద్యుత్తు ఆదాచేయుటకై నిద్రించును. ఆ నిద్రయందు మెట్లు కలవు. వానిని సీ-స్టేట్లు అందురు. మొదటి మెట్టు కునుకు వంటిది. ఆఱవ మెట్టు గాఢనిద్ర. అందు ప్రాసెసరు భాగములకు విద్యుత్తు దాదాపుగా కట్టివేయబడును. అప్పుడు యంత్రమంతయు లాగుకొను విద్యుత్తు మిక్కిలి తగ్గిపోవును. కొన్ని పవర్‌సప్లయి పెట్టెలు అంత స్వల్పభారమున వోల్టేజిని నిలుకడగా ఉంచలేవు. నిలుకడ తప్పిన క్షణమున ప్రాసెసరు నిద్రనుండి మరల లేవదు. పూర్వము మా పొలములలో నడచిన ఆయిలింజనులను చూచినవారికి ఇది వింతగా తోచదు. పట్టా తగిలించి నీరు తోడునంతసేపు ఇంజను గర్జించుచు నడచును. పట్టా తీసి, స్పీడు మఱీ తగ్గించినచో రెండు దగ్గులు దగ్గి ఆగిపోవును. బరువు మోసినందువలన కాదు, బరువు లేనందువలననే ఆగును.

మఱి పాత సిస్టమున ఏల యాగలేదు? ప్రాసెసరును ఎప్పుడు నిద్రపుచ్చవలెనో, ఏ మెట్టువఱకు దింపవలెనో ప్రతి ఆపరేటింగు సిస్టమును తన పద్ధతినిబట్టి నిర్ణయించుకొనును. ఒకదాని పాలనలో మఱుగుపడియున్న బలహీనత వేఱొకదాని పాలనలో బయటపడును. కనుక క్రొత్తసిస్టము వచ్చిన పిమ్మట ఆగినంతమాత్రమున క్రొత్తసిస్టము చెడ్డదని గాని, పాతది మంచిదని గాని యనరాదు. రెంటికి నడుమ పొత్తు కుదరలేదనియే చెప్పవలెను.

ఈ జాడ పట్టుకొని వెదుకగా, 2017వ సంవత్సరపు ఆ తరగతి ప్రాసెసర్లను లినక్సుతో వాడిన పలుదేశములవారు ఇదే బాధను పడి, దాని నివారణమును వ్రాసియుంచిరని తెలిసినది. యంత్రము ప్రారంభమగునప్పుడు తెఱవదగిన బయాసు అను మూలపుటేర్పాటులలో "పవర్ సప్లయి ఐడిల్ కంట్రోల్" అను గడి యొకటి కలదు. అది మా యంత్రమున "ఆటో" అని యుండెను. దానిని "టిపికల్ కరెంట్ ఐడిల్" అని మార్చితిమి. అనగా, నిద్రించునప్పుడును సామాన్యమైనంత విద్యుత్తును లాగుచుండుమని యాజ్ఞ. కరెంటు ఖర్చు కొంచెము హెచ్చును, అంతే. ఒక్క రూపాయి విడిభాగము కొనలేదు. ఆ రాత్రి యంత్రమును ఊరక విడిచితిమి, ఆగలేదు. వరుసగా ఐదు రాత్రులు విడిచితిమి, ఆగలేదు.

యంత్రము వఱకైన ఇది చాలును. పిల్లవాని విషయమునకు చాలదు. బాధ పోయినంతమాత్రమున కారణము తెలిసినట్లు కాదు. దానిని మరల రప్పింపగలిగినప్పుడే తెలిసినట్లు. ఆఱవనాటి సాయంకాలమున పిల్లలాఱుగురిని, వాని తల్లిని పిలిపించితిమి. అందఱి యెదుటను ఆ గడిని మరల పూర్వపు "ఆటో"కు మార్చి, యంత్రమును నడపి, ఎవరును ముట్టకుండ గదికి తాళము వేసి, తాళపుచెవిని ఆ తల్లి చేతికిచ్చితిమి. మఱునాటి యుదయమున ఆమెయే వచ్చి తాళము తీసెను. పిల్లలందఱు తెఱమీద వంగి చూచిరి. గడియారము ఒంటిగంట నలుబది నిమిషములయొద్ద నిలిచియుండెను.

కొంతసేపు ఎవరును మాటాడలేదు. పిమ్మట, పని చేయుచున్నప్పుడు నడచుటయు, ఊరకున్నప్పుడు ఆగుటయు ఆమెకు తెలియజెప్పితిమి. ఆమె వినివిని, "అయితే మావాడు ముట్టుకోబట్టి కాదు మాస్టారూ, ముట్టుకోకపోబట్టి ఆగిందన్నమాట!" అనెను. ఇంతకంటె చక్కగా ఏ యింజనీరును చెప్పియుండడు. "వాడేదో నొక్కేస్తున్నాడు" అని మొదట పలికిన బాలుడు తానుగా లేచి, కుర్చీని వానివైపునకు లాగెను. గడిని మరల మార్చితిమి. ఈ వ్యాసము వ్రాయునాటికి మూడు మాసములు గడచినవి. పుస్తకమున క్రొత్త పంక్తి చేరలేదు. పిల్లవాడు తన నెమ్మదిచొప్పుననే చదువుకొనుచున్నాడు.

దోషము దొరకిన క్షణమున దానిని వ్రాసిపెట్టు నలవాటు కంప్యూటర్లతోడనే పుట్టినది. 1947 సెప్టెంబరు 9న అమెరికాదేశమున హార్వర్డు మార్క్ 2 అను గణనయంత్రము తప్పుచేయగా, దానిని నడపువారు వెదకివెదకి ఒక రిలేలో చిక్కుకొన్న చిమ్మటను కనుగొనిరి. దానిని పారవేయక, తమ దినచర్యాపుస్తకమున ఆ నాటి పుటలో అంటించి, ప్రక్కన కారణము వ్రాసిరి. ఆ పుస్తకము వాషింగ్టను నగరమునందలి స్మిత్‌సోనియన్ వారి మ్యూజియమున భద్రముగానున్నది. యంత్రదోషమును పురుగు అను అర్థముగల "బగ్" అను మాటతో పిలుచుట అంతకు పూర్వమే ఇంజనీర్లలో కలదు. అయినను ఆ పుటను లోకము ఆదరించుటకు కారణమొకటి కలదు: అచ్చట దోషమునకు సాక్ష్యము మాటగా గాక, వస్తువుగా నున్నది.

విద్యార్థులారా! మీ యిండ్లలో గాని, పాఠశాలలో గాని ఇట్టి యంత్రము ఆగినప్పుడు ఈ క్రమమును పాటింపుడు. సిస్టమును మార్చుటకు ముందు పత్రములన్నిటిని వేఱొకచోట నకలు చేసికొనుడు. ఆగినది ప్రోగ్రామో, తెఱయో, సమస్తమో మొదట తేల్చుకొనుడు. వేడిమి, దుమ్ము, ర్యాము, డిస్కు, డ్రైవరు, కరెంటు, ఈ యాఱింటిని ఒక్కొక్కదానినే పరీక్షింపుడు. ఫలితమును జ్ఞాపకమునకు విడువక కాగితమున వ్రాయుడు. ఏలయన మన జ్ఞాపకము మనకు నచ్చిన సాక్షులనే పిలుచును. ఆగినప్పుడు ఎవరుండిరో మాత్రమే గాక, ఎవరును లేనప్పుడు ఆగెనా యనియు వ్రాయుడు. పెట్టె మూత తెఱచుటకు ముందు కరెంటు తీగను తీయుట మఱువకుడు.

తల్లిదండ్రులకు మా విన్నప మొక్కటియే. పిల్లవాని చేతిలో వస్తువు ఆగిపోయిన దినమున, వాని చేతిని నిందించుటకు ముందు, అదే వస్తువు వాని చేయి లేనప్పుడు ఎట్లుండునో ఒక్క రాత్రి చూడుడు. యంత్రమునకు మరల ప్రారంభించు మీట కలదు. పదిమందిలో తల వంచుకొన్న పిల్లవానికి అట్టి మీట లేదు.